పాట పాడలేని అవసరాలు: రేడియో స్పెక్ట్రమ్‌లో ఎవరి వాటా ఎంత

2008 అక్టోబర్ 15న ఉమ్మడి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్నూర్‌లో ఒక చిన్న రేడియో కేంద్రం మొదలైంది. పేరు సంఘం రేడియో, స్థానం 90.4 మెగాహెర్ట్జ్. నడిపేది దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలోని దళిత మహిళా రైతుల సంఘాలు. కొర్రలు, సామలు, పచ్చజొన్నలు పండించే ఆడవాళ్లే రికార్డు చేస్తారు, మీటలు తిప్పుతారు, తమ యాసలో మాట్లాడతారు. ఆ రోజు కేంద్రాన్ని ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు రాసిన న్యాయమూర్తి ఆయనే.

అక్కడ స్టూడియో అంతకు చాలా ముందే, యునెస్కో సాయంతో, 1990ల చివర్లోనే సిద్ధమైంది. లైసెన్సు మాత్రం లేదు. అందుకని ఏళ్ల తరబడి ఆ ఆడవాళ్లు కార్యక్రమాలను క్యాసెట్ల మీద ఎక్కించి, ఊరూరా సంఘం సమావేశాలకు పట్టుకెళ్లి, టేపురికార్డరులో వినిపించేవారు. విత్తనాల సంగతులు, నాటు వైద్యం, పొలం పాటలు అన్నీ అలాగే చేరేవి. ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ చేయాల్సిన పనిని వాళ్ల కాళ్లు చేశాయి. 2006 నవంబర్‌లో కేంద్రం కమ్యూనిటీ రేడియో అనుమతులను స్వచ్ఛంద సంస్థలకూ వర్తింపజేశాక గానీ వాళ్లకు దారి దొరకలేదు. నగరాల్లో వాణిజ్య ఎఫ్ఎం కేంద్రాలకు మాత్రం 1999–2000లోనే వేలం జరిగిపోయింది.

తరంగాలు ప్రజలవే అయినప్పుడు, డబ్బు కట్టగలిగినవాళ్లకు తలుపు ముందు తెరుచుకుని, కట్టలేనివాళ్లు ఆరేడేళ్లు గుమ్మం ముందే నిలబడాల్సి రావడం ఎందుకు? మన దేశంలో స్పెక్ట్రమ్, అంటే వాడుకునే రేడియో తరంగాల శ్రేణి, మీద నడిచే వాదాలన్నీ, ఎంత సాంకేతికంగా వినిపించినా, ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఫోను, టీవీ, విమానం, రాడార్, ఉపగ్రహం, పోలీసు వైర్‌లెస్ సెట్టు అన్నీ పనిచేసేది రేడియో తరంగాలతోనే. ఒకే చోట, ఒకే సమయంలో, ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు గట్టిగా మాట్లాడితే ఇద్దరి మాటా చెడుతుంది. అందుకే పంపకం తప్పదు. పైగా అన్ని ఫ్రీక్వెన్సీలదీ ఒకే విలువ కాదు. 700 మెగాహెర్ట్జ్ తరంగం చాలా దూరం పోతుంది, గోడలు దాటి ఇంట్లోకి వస్తుంది, పల్లెల్లో తక్కువ టవర్లతోనే పని గడుస్తుంది. 26 గిగాహెర్ట్జ్ తరంగం బోలెడంత డేటా మోస్తుంది గానీ గోడ అడ్డొస్తే ఆగిపోతుంది, చెట్టు ఆకులు తగిలినా నీరసపడుతుంది.

ఊరి చెరువును తలచుకుంటే సంగతి సులువుగా బోధపడుతుంది. చేపలకు పాట పెడతారు, పాడినవాళ్లు డబ్బు కడతారు, ఊరికి ఆదాయం వస్తుంది. గొడ్లు నీళ్లు తాగడానికి మాత్రం ఎవరూ పాట పెట్టరు. పెడితే గొడ్ల తరఫున పాడేవాళ్లు ఉండరు. స్పెక్ట్రమ్‌లోనూ అంతే. మొబైల్ కంపెనీ వేలంలో నిలబడగలదు. తుఫాను హెచ్చరిక, రైలు భద్రత, అగ్నిమాపక దళం, పల్లె రేడియో నిలబడలేవు. అయితే చెరువుకూ తరంగాలకూ ఒక పెద్ద తేడా ఉంది. ఈ ఏడు వాడని నీళ్లు వచ్చే ఏటికి కొంతైనా మిగులుతాయి. నిన్న వాడని స్పెక్ట్రమ్ నిన్నటితోనే పోయింది. దాన్ని దాచుకునే వీలు ఎవరికీ లేదు.

1995 ఫిబ్రవరి 9 నాటి తీర్పుకు మూలం క్రికెట్. 1993లో బెంగాల్ క్రికెట్ సంఘం హీరో కప్ పోటీల ప్రసార హక్కులను ఒక విదేశీ సంస్థకు ఇచ్చింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం ప్రసారం తమ గుత్తాధికారమని ప్రభుత్వ వర్గాలు అడ్డుపడ్డాయి. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి, ప్రజల ప్రయోజనం కోసం ఒక ప్రజా వ్యవస్థ వాటిని నియంత్రించాలి అని కోర్టు చెప్పింది. ఈ వాక్యం అందరికీ గుర్తుంది. అదే తీర్పులో విడిగా తన అభిప్రాయం రాసిన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మాట అంతగా గుర్తులేదు. ప్రసార మాధ్యమం ప్రజల అధీనంలో ఉండాలి, ప్రజలు వేరు, ప్రభుత్వం వేరు అని ఆయన స్పష్టంగా విడదీశారు. గుత్తాధికారం ప్రభుత్వానిదైనా, ప్రైవేటు వ్యక్తులదైనా వాక్ స్వాతంత్ర్యానికి చేటేనని హెచ్చరించారు.

ఆ గీత తర్వాత చెరిగిపోయింది. ప్రజల ఆస్తి అన్న మాటకు ఆచరణలో ఖజానా ఆస్తి అన్న అర్థం స్థిరపడింది. ఆస్తి ఖజానాదైతే ఎక్కువ ధర పలికించడమే ధర్మంగా కనిపిస్తుంది. రేడియో విషయంలో మాత్రం పాత పెత్తనం అలాగే ఉంది. ప్రైవేటు ఎఫ్ఎం గానీ, కమ్యూనిటీ రేడియో గానీ ఈనాటికీ సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు వినిపించాలి. టీవీ ఛానళ్లకు, పత్రికలకు లేని ఈ కట్టడి, ఏ ఊళ్లో ఏ గుంట నిండిందో చెప్పాల్సిన పల్లె రేడియోకు ఉండటం అన్యాయం.

ధర చుట్టూ ఆలోచన బిగుసుకోవడానికి 2జీ వ్యవహారం పెద్ద కారణం. 2008 జనవరిలో 2001 నాటి ధరకే, దేశమంతటికీ కలిపి 1,658 కోట్ల రూపాయల లెక్కన, ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతిలో 122 మొబైల్ లైసెన్సులు ఇచ్చారు. ఆ పంపకంలో జరిగిన తీరు దారుణం, అందులో రెండో మాట లేదు. ఖజానాకు 1.76 లక్షల కోట్ల వరకు నష్టమని 2010లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ అంచనా వేసింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఆ లైసెన్సులన్నిటినీ రద్దు చేసింది. 2017 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. కానీ 1.76 లక్షల కోట్లు అన్న అంకె మాత్రం జనం మనసుల్లో ముద్రపడిపోయింది. ఆ తర్వాత ఏ అధికారీ తక్కువ ధర రాసిన కాగితం మీద సంతకం పెట్టే సాహసం చేయలేదు. అదే 2012 సెప్టెంబర్‌లో రాష్ట్రపతి నివేదనకు, అంటే సలహా కోరుతూ పంపిన ప్రశ్నకు, జవాబిస్తూ సుప్రీంకోర్టే, సహజ వనరులన్నిటికీ వేలమే ఏకైక మార్గమని రాజ్యాంగం చెప్పలేదని తేల్చింది. ఆ వివరణకు మొదటి తీర్పుకు వచ్చినంత ప్రచారం రాలేదు.

ఫలితం 700 మెగాహెర్ట్జ్ కథలో కనిపిస్తుంది. పల్లెలకు అన్నిటికన్నా అనువైన తరంగాలివి. 2016 వేలంలో వీటికి పెట్టిన సర్కారు పాట, తరంగాల వెడల్పును కొలిచే ఒక్కో మెగాహెర్ట్జ్‌కు 11,485 కోట్లు. అమ్మకానికి పెట్టిన 35 మెగాహెర్ట్జ్‌నూ ఆ ధరకు కొంటే నాలుగు లక్షల కోట్లు దాటుతుంది. ఒక్కరూ కొనలేదు. 2021లో ధర 6,568 కోట్లకు దించారు. అప్పుడూ కొనలేదు. 2022లో 3,927 కోట్లకు దిగాక జియో ఒక్కటే 10 మెగాహెర్ట్జ్ తీసుకుంది. మొదటి పాటకూ చివరి ధరకూ మధ్య మూడింట రెండు వంతులు కరిగిపోయింది, ఆరేళ్ల కాలం గడిచిపోయింది. ఆ ఆరేళ్లలోనే కరోనా వచ్చి పిల్లలు ఫోనుల్లో పాఠాలు విన్నారు. సిగ్నల్ కోసం గుట్టలెక్కి, చెట్లెక్కి కూర్చున్న పిల్లల ఫోటోలు ఎన్నో పత్రికల్లో వచ్చాయి. వాళ్ల నెత్తి మీద అత్యుత్తమ తరంగాలు ఎవరికీ కాకుండా వృథాగా పోయాయి. ఈ నష్టాన్ని ఏ ఆడిట్ నివేదికా లెక్కగట్టలేదు.

వేలంలో పలికిన డబ్బంతా చేతికి వస్తుందనుకోవడం కూడా భ్రమే. కంపెనీలు వాయిదాల్లో కడతాయి, కట్టలేకపోతే బకాయి పేరుకుపోతుంది. 2025లో వొడాఫోన్ ఐడియా కట్టాల్సిన 36,950 కోట్ల వేలం బకాయిలను కేంద్రం ఆ కంపెనీ వాటాలుగా మార్చుకుంది. దాంతో కంపెనీలో ప్రభుత్వ వాటా 48.99 శాతానికి చేరింది. ఎక్కువ ధరకు అమ్మామని చెప్పుకున్న సరుకుకు ప్రతిఫలంగా కష్టాల్లో ఉన్న కంపెనీ షేర్లు వచ్చాయన్న మాట.

ఇప్పుడు వేలం లేకుండా ఇచ్చిన ఒక కేటాయింపు చూద్దాం. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 700 బ్యాండులో, అంటే 700 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పట్టీలో, 5 మెగాహెర్ట్జ్‌ను రైల్వేకు ఇచ్చింది. ఆ ఏడాది సర్కారు పాట ప్రకారం దాని విలువ 32,840 కోట్లు. కాగితం మీద ఇది ఖజానా వదులుకున్న సొమ్ము. కాగితం పక్కన పెట్టి పట్టాల మీదికి వెళ్తే వేరే దృశ్యం కనిపిస్తుంది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లను ఎదురెదురుగా నడిపారు. ఒక దాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. ఎదుటి ఇంజిన్ ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే, డ్రైవరు ప్రమేయం లేకుండా, కవచ్ వ్యవస్థ బండిని ఆపేసింది. పట్టాల మధ్య బిగించిన చిన్న ట్యాగులు బండి ఎక్కడుందో చెబుతాయి, ఇంజిన్, స్టేషన్ రేడియోలో ఆ సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి. దక్షిణ మధ్య రైల్వే పట్టాల మీద పుట్టి పెరిగిన ఈ వ్యవస్థ ఆనాడు యూహెచ్ఎఫ్ రేడియోతో నడిచింది. దీన్ని 4జీ తరహా ఆధునిక ఎల్‌టీఈ మీదికి తేవడానికి, డ్రైవర్లకూ గార్డులకూ నిరంతరం మాట కలపడానికి ఆ 5 మెగాహెర్ట్జ్ కావాలి. తప్పిన ప్రమాదం పద్దుల్లోకి ఎక్కదు, వదులుకున్న వేలం ధర మాత్రం ఎక్కుతుంది. పద్దు రాసే పద్ధతిలోనే లోపం ఉంది.

ఇంతమాత్రాన ప్రభుత్వ చేతిలో ఉన్నదంతా ప్రజలకు ఉపయోగపడుతోందని అనుకుంటే పొరపాటే. బీఎస్ఎన్ఎల్‌కు 4జీ స్పెక్ట్రమ్ ఇవ్వాలని 2019 అక్టోబర్‌లో నిర్ణయించారు. 2023 జూన్ ప్యాకేజీలో ఒక్క 700 బ్యాండు కేటాయింపు విలువనే 46,338 కోట్లుగా చూపారు. స్వదేశీ పరికరాలతోనే కట్టాలన్న నిర్ణయం వెనుక మంచి ఉద్దేశమే ఉండవచ్చు. కానీ దేశవ్యాప్త 4జీని లాంఛనంగా ప్రారంభించేసరికి 2025 సెప్టెంబర్ వచ్చింది. అధిక ధర వల్ల 700 బ్యాండు పాడుబడింది ఆరేళ్లు, అడిగేవాళ్లు లేక బీఎస్ఎన్ఎల్ 4జీ సాగింది కూడా ఆరేళ్లే. మారుమూల తండాలో ఉన్న మనిషికి రెండింటి మధ్య తేడా ఏమీ లేదు.

రక్షణ శాఖది ఇంకో కథ. సైన్యం చేతిలోని కొన్ని ఫ్రీక్వెన్సీలను మొబైల్ సేవలకు ఖాళీ చేయించడానికి, బదులుగా దేశమంతటా ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ వేసి ఇచ్చే పని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించారు. 2012లో 13,334 కోట్లతో మంజూరైన ఆ పథకం ఖర్చు 2018 నాటికి 24,664 కోట్లకు పెరిగింది. సైన్యం తరంగాలు వాడకూడదని ఎవరూ అనరు. అయితే ఎంత వాడుతోంది, ఎంత ఖాళీగా ఉంచుతోంది అని అడిగే పద్ధతి ఒకటి ఉండాలి. బ్రిటన్ 1998 నుంచి స్పెక్ట్రమ్ వాడేవారి మీద, ప్రభుత్వ శాఖలతో సహా, ఏటా రుసుము వేసే విధానం తెచ్చింది. అక్కడ రక్షణ శాఖ కూడా చెల్లిస్తుంది. ఏటా బిల్లు వస్తుంటే అవసరం లేని దాన్ని పట్టుకు వేలాడటం ఎవరికైనా భారమే. ఆ శాఖ వదిలిన ఫ్రీక్వెన్సీలను 2018లో వేలం వేస్తే 135 కోట్ల పౌండ్లకు పైగా వచ్చింది. మన 2023 టెలికాం చట్టంలో వాడని స్పెక్ట్రమ్‌ను వెనక్కి తీసుకునే సెక్షన్ ఉంది. దాన్ని కంపెనీలకూ, ప్రభుత్వ సంస్థలకూ ఒకే తీరుగా వర్తింపజేయాలి.

వేలానికీ ప్రభుత్వ కేటాయింపుకూ బయట మూడో దారి కూడా ఉంది. దాన్ని ప్రతి ఇల్లూ వాడుతోంది. 2005లో మన దేశం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు లైసెన్సు అవసరం లేకుండా చేసింది. శక్తి పరిమితి పాటిస్తే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు. వైఫై రూటరు, బ్లూటూత్ ఇయర్‌ఫోను, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెను అన్నీ ఆ ఇరుకులోనే సర్దుకుంటున్నాయి. వేలం లెక్కలో ఈ బ్యాండు ఆదాయం సున్నా. అయినా ఇది లేని రోజును ఊహించగలమా? 2018లో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మరో 605 మెగాహెర్ట్జ్ ఇలాగే తెరిచారు. 6 గిగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి పోరు మొదలైంది. వైఫైకి ఇవ్వమని సాంకేతిక సంస్థలు, వేలం వేయమని టెలికాం కంపెనీలు పట్టుబట్టాయి. అమెరికా 2020లోనే 1,200 మెగాహెర్ట్జ్ వైఫైకి తెరిచింది. మన దగ్గర 2025 మేలో వచ్చిన ముసాయిదా అందులో కింది 500 మెగాహెర్ట్జ్‌కే పరిమితమైంది, పై భాగాన్ని మొబైల్ కోసం అట్టిపెట్టారు.

ఔత్సాహికులు నడిపే హామ్ రేడియోకు లైసెన్సు కావాలి గానీ, దాని బ్యాండ్లు కూడా వేలం లేకుండా పంచుకునేవే. సరదాకు మాట్లాడుకునేవాళ్లకు ఇంత విలువైన తరంగాలు ఎందుకు అని అనిపించవచ్చు. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉంది. 26న సునామీ వచ్చి ఫోన్లన్నీ మూగబోతే, పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రధాన భూభాగానికి క్షేమ సమాచారాలు చేరవేసింది ఆ బృందం రేడియో సెట్లే.

ఉపగ్రహ ఇంటర్నెట్ మీద ఈమధ్య నడిచిన వివాదానికి ఎక్కువ చోటు అక్కర్లేదు. వేలం వేయాలని జియో పట్టుబట్టింది, ప్రభుత్వం 2024 అక్టోబర్‌లో కాదంది, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 మేలో ఆదాయంలో నాలుగు శాతం రుసుము సిఫారసు చేసింది. వేరు వేరు ఉపగ్రహాలు ఒకే ఫ్రీక్వెన్సీని పంచుకోగలవు కాబట్టి ఒకరికే రాసివ్వడంలో అర్థం లేదన్న ప్రభుత్వ వాదన సరైనదే. ఇంతలో 2025 మార్చిలోనే ఎయిర్‌టెల్, జియో రెండూ ఉపగ్రహ ఇంటర్నెట్ సంస్థ స్టార్‌లింక్‌తో పంపిణీ ఒప్పందాలు కుదుర్చుకున్నాయి.

అన్నిటికన్నా బరువైన తగాదా మాత్రం మన ఊళ్లకు వినపడనంత దూరంలో, అంతర్జాతీయ సదస్సుల గదుల్లో జరుగుతోంది. గాలిలోని నీటి ఆవిరి సహజంగానే అతి బలహీనమైన రేడియో తరంగాలు వెలువరిస్తుంది. ఉపగ్రహాలు 23.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ సవ్వడిని చెవి ఒగ్గి విని, ఏ మేఘం వెనుక ఎంత తేమ ఉందో అంచనా కడతాయి. సముద్రం మీద వర్షమానులు పెట్టలేం కదా. బంగాళాఖాతంలో వాయుగుండం ఎటు కదులుతుందో, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఏ ఊళ్లు ముందుగా ఖాళీ చేయించాలో లెక్కగట్టే నమూనాలకు ఈ కొలతలు ముడిసరుకు. విశాఖ, మచిలీపట్నం రాడార్లు చూడగలిగేది తీరానికి కొన్ని వందల కిలోమీటర్ల మేరకే. అంతకు ముందరి రోజుల్లో భారమంతా ఉపగ్రహాల మీదే.

ఆ పక్కనే 24.25 గిగాహెర్ట్జ్ నుంచి 5జీకి కేటాయించారు. గట్టిగా మాట్లాడే పొరుగువాడి గొంతు గోడ దాటి వచ్చినట్టు, మొబైల్ తరంగాల పొల్లు ఆవిరి బ్యాండులోకి కారుతుంది. ఎంత కారనివ్వాలన్నదే 2019లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో పెద్ద వివాదం. చివరికి రెండు దశల పరిమితి కుదిరింది, ముందు సడలింపు, తర్వాత కఠినం. ఆ కఠిన పరిమితి కూడా ప్రపంచ వాతావరణ సంస్థ కోరినదానికన్నా 16 డెసిబెల్స్, అంటే దాదాపు 40 రెట్లు, ఎక్కువ కారనిస్తుంది. పైగా అది 2027 సెప్టెంబర్ 1 తర్వాత పెట్టే మొబైల్ కేంద్రాలకే. అంతకు ముందు పెట్టినవాటికి సడలింపు అలాగే కొనసాగుతుంది. మన 26 గిగాహెర్ట్జ్ వేలం 2022లోనే అయిపోయింది. మొబైల్ కంపెనీకి ఈ ఫ్రీక్వెన్సీ కాకపోతే మరొకటి ఇవ్వవచ్చు. నీటి ఆవిరికి ప్రకృతి ఇచ్చిన స్థానాన్ని మార్చడం ఎవరి వల్లా కాదు.

సముద్రపు నీటి వేడిది కూడా ఇదే గతి. తుఫానుకు బలం ఇచ్చేది ఆ వేడే. మేఘాల మీదుగా కూడా దాన్ని కొలవగలిగేది 6, 7 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో. వైఫై, మొబైల్ పోట్లాడుకుంటున్న స్థలమూ సరిగ్గా అదే. అక్కడ ఈ కొలతలకు రక్షణ ఉన్న కేటాయింపు ఎన్నడూ లేదు. 2023లో దుబాయ్ సదస్సు ఆ పై భాగాన్ని పలు దేశాల్లో మొబైల్‌కు గుర్తించాక, ఉష్ణోగ్రత కొలతలకు వేరే చోటు వెతకాలన్న అంశాన్ని 2027 సదస్సు ఎజెండాలో చేర్చారు. పరిశీలనలో ఉన్న చోట్లలో ఒకటి 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్. విమానం దిగేటప్పుడు నేల ఎంత దూరంలో ఉందో పైలట్‌కు చెప్పే ఆల్టిమీటర్లు ఇప్పటికే అక్కడ ఉన్నాయి. వాటికి అడ్డు రాకూడదనే 2022 నవంబర్‌లో మన టెలికాం శాఖ, రన్‌వే చివరల నుంచి 2.1 కిలోమీటర్ల వరకు 3.3 గిగాహెర్ట్జ్ 5జీ కేంద్రాలు పెట్టవద్దని కంపెనీలకు లేఖ రాసింది.